నేల నాడి తెలిసిన యంత్రశిల్పి – హ్యారీ ఫెర్గూసన్

ఫెర్గూసన్ అన్న పేరు వినగానే మన పల్లెటూరి మిత్రులకు ట్రాక్టరు గుర్తొస్తుంది. పట్నవాసపు మిత్రులకు బహుశా ఏదీ గుర్తు రాదు. ఈ రోజుల్లో మన రోడ్ల మీద విరివిగా తిరుగుతున్న క్రాసోవరు కార్లలో కొన్నిటికి ఒక విశేషం వుంది. కింద నేల జారుతున్నదో, పట్టు ఇస్తున్నదో గ్రహించి, ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ ఆ కారు తనంతట తానే పంచిపెడుతుంది. దాన్ని గొప్ప ఎలక్ట్రానిక్ విద్య అని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోదగినదే. కానీ ఆ ఆలోచన పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ పోతే మనం చేరేది ఒక రైతు కొడుకు నాగలి దగ్గరికి. ఆ రైతుబిడ్డ చరిత్రను తోటి విద్యార్థులకు క్లుప్తంగా మనవి చేయడమే ఈ వ్యాసం వుద్దేశం.

బాల్యం

హెన్రీ జార్జి ఫెర్గూసన్ 1884 నవంబరు 4న ఐర్లండు ఉత్తర భాగంలో, డౌన్ కౌంటీలోని గ్రోవెల్ అనే పల్లెలో పుట్టాడు. పదకొండుమంది సంతానంలో నాలుగోవాడు. అందరూ హ్యారీ అనే పిలిచేవారు. తండ్రి సొంత పొలం వున్న రైతు, దైవభక్తిపరుడు, క్రమశిక్షణ విషయంలో మహా కఠినుడు. హ్యారీకి పొలం పని అంటే గిట్టేది కాదు. చిన్న వయసులోనే బడి మానేసి కొన్నాళ్ళు ఇష్టం లేకుండానే సేద్యం చేశాడు. దేశం విడిచి కెనడా వెళ్ళిపోదామని కూడా అనుకున్నాడు. ఇంతలో అన్నగారు జో బెల్‌ఫాస్ట్ పట్టణంలో సైకిళ్ళు, మోటారు కార్లు బాగుచేసే షాపు పెట్టి, 1902లో తమ్ముణ్ణి అందులో చేర్చుకున్నాడు. పొలం గట్టు మీద నిలవని కాలు ఇంజను దగ్గర నిలిచింది!

గాలిలో 130 గజాలు

అమెరికాలో రైట్ సోదరులు విమానం ఎగరేసిన కబురు అప్పటికి ఐరోపా అంతటా పాకింది. హ్యారీ కూడా ఒక విమానం తయారు చేయడానికి పూనుకున్నాడు. 1909 డిసెంబరు 31న హిల్స్‌బరో దగ్గరి మైదానంలో, ఈదురుగాలిలో, తాను తయారు చేసిన విమానాన్ని 130 గజాల దూరం ఎగరేశాడు. ఐర్లండు గడ్డ మీద జరిగిన మొదటి విమానయానం అదే. అప్పటికి ఆయన వయసు ఇరవై అయిదేళ్ళు. మన ఎం.యస్సీ. అన్నల వయసన్నమాట.

1911లో సొంతంగా మోటారు వ్యాపారం పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి తిండిగింజల కరువు ఏర్పడింది. 1917లో ప్రభుత్వం ఆయనకు ఒక పని అప్పగించింది. ఐర్లండులో తిరిగి, పొలాల్లో ట్రాక్టర్లు ఎలా వాడుతున్నారో చూసి, వాటి పనితనం మెరుగుపరచాలి. వద్దని వదిలి వచ్చిన పొలానికే మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది. ఈసారి చేతిలో పలుగూ పారా లేవు, కళ్ళల్లో యంత్రజ్ఞానం వుంది.

నాగలి – మూడు కడ్డీలు

ఆనాటి ట్రాక్టరు ఎద్దుల జతకు బదులు కట్టిన ఇనుప ఎద్దు, అంతే! నాగలిని వెనకాల గొలుసుతోనో కొక్కెంతోనో తగిలించి ఈడ్చేవారు. చక్రాలకు పట్టు కావాలంటే ట్రాక్టరు బరువుగా వుండాలి. బరువు పెరిగితే నేల అణిగిపోతుంది, ఖర్చు పెరుగుతుంది. ఇంతకన్నా ఘోరం మరొకటి వుంది. భూమిలో నాగలి ఏ బండకో తగిలి ఆగిపోతే, ఇంజను ఆగదు గదా! వెనుక చక్రాలు నిలిచిపోయి, ట్రాక్టరు ముందు భాగం గుర్రంలా పైకి లేచి, వెనక్కి తిరగబడేది. తోలేవాడు దాని కింద నలిగిపోయేవాడు. ఇలా ఎందరో రైతులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఫెర్గూసన్, ఆయన కుడిభుజం వంటి విల్లీ శాండ్స్ కలిసి ఈ సమస్యను పట్టుకుని ఏళ్ళ తరబడి వదలలేదు. ట్రాక్టరు వేరు, నాగలి వేరు అనుకోకుండా రెండూ ఒకే యంత్రం కావాలన్నది వారి పట్టుదల. చివరికి తేలిన ఏర్పాటు ఇది: కింద రెండు కడ్డీలు, పైన ఒక కడ్డీ. ఈ మూడింటితో నాగలిని ట్రాక్టరుకు బిగించడం. మన వూళ్ళలో నేడు కల్టివేటరు తగిలించినా, రోటవేటరు తగిలించినా ఈ మూడు కడ్డీలకే.

ఇందులోని ఫిజిక్సు చూడండి. దున్నేటప్పుడు మట్టి నాగలిని వెనక్కి నెడుతుంది. ఆ తోపుడుకు నాగలి ముందుకు ఒరగబోయి, పై కడ్డీని ట్రాక్టరు మీదికి నొక్కుతుంది. ఆ నొక్కుడు ముందు చక్రాలను లేవనివ్వదు. నాగలి బరువూ, దాని మీది మట్టి బరువూ వెనుక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది. అంటే తేలికపాటి ట్రాక్టరు, పని పడినప్పుడు మాత్రమే బరువెక్కుతుంది!

ఇంకా గొప్ప సంగతి వుంది. ఆ పై కడ్డీని ఒక స్ప్రింగుకు ఆనించి, స్ప్రింగు కదలికను హైడ్రాలిక్ వాల్వుకు కలిపారు. నేల గట్టిపడితే కడ్డీ మీద వత్తిడి పెరుగుతుంది, వాల్వు కదిలి లిఫ్టు నాగలిని ఒక పిసరు పైకెత్తుతుంది. నేల మెత్తబడితే కిందికి దించుతుంది. తోలేవాడు చెయ్యి కదపనక్కర లేదు. సీటు పక్కన వుండే డ్రాఫ్టు కంట్రోలు లివరు కథ ఇదే. ఈ ఏర్పాటుకు 1926లో పేటెంటు వచ్చింది. కంప్యూటరన్న మాటే లేని రోజుల్లో, నేలను అడిగి దాని జవాబును బట్టి నడుచుకునే యంత్రం తయారైంది. ఫెర్గూసన్ జీవితంలో ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే మిగతా కథ అంతా దానంతటదే అర్థమవుతుంది.

స్నేహం – వ్యాజ్యం

1936లో ఇంగ్లండులో డేవిడ్ బ్రౌన్ కంపెనీతో కలిసి ఈ పద్ధతి ట్రాక్టరును మార్కెట్లోకి తెచ్చాడు. పదమూడు వందల పైచిలుకు మాత్రమే తయారయ్యాయి, భాగస్వాముల మధ్య పొత్తు కుదరలేదు. 1938 అక్టోబరులో ఒక ట్రాక్టరును ఓడలో అమెరికా తీసుకుపోయి, డియర్‌బార్న్‌లో హెన్రీ ఫోర్డుకు దున్ని చూపించాడు. ఫోర్డు కూడా రైతుబిడ్డే. చూడగానే విషయం పట్టుకున్నాడు. కాగితం లేదు, సంతకం లేదు, ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. 1939లో ఫోర్డ్-ఫెర్గూసన్ ట్రాక్టరు వచ్చింది. ఆ ఒప్పందం కింద మూడు లక్షలకు పైగా ట్రాక్టర్లు తయారయ్యాయి.

ముసలాయన తర్వాత మనవడు రెండవ హెన్రీ ఫోర్డు పెత్తనంలోకి వచ్చి ఆ పొత్తుకు స్వస్తి చెప్పాడు. 1947లో ఫోర్డు కంపెనీ దాదాపు అదే పద్ధతితో తన సొంత ట్రాక్టరు దించింది. ఫెర్గూసన్ అమెరికా కోర్టులో 25 కోట్ల డాలర్లకు పైగా దావా వేశాడు. నాలుగేళ్ళు నలిగిన తర్వాత 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. చేతులు కలుపుకుని చేసుకున్న మాట, చేతులు మారగానే చెల్లకుండా పోయింది. మనందరం నేర్చుకోవలసిన పాఠమే.

ఈలోగా 1946 నుంచి ఇంగ్లండులోని కావెంట్రీలో స్టాండర్డ్ మోటారు కంపెనీ ఆయనకు టి.ఇ.20 అనే చిన్న బూడిదరంగు ట్రాక్టరును తయారు చేసిపెట్టింది. 1956 వరకు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఎవరెస్టు వీరుడు ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరుకున్నది, చక్రాలకు పట్టాలు తొడిగిన ఈ రకం ట్రాక్టర్ల మీదనే.

1953లో ఫెర్గూసన్ తన వ్యాపారాన్ని కెనడాకు చెందిన మాసీ-హారిస్ కంపెనీలో కలిపేశాడు. బేరంలో పది లక్షల డాలర్ల తేడా వస్తే నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. ఓడిపోయింది ఫెర్గూసనే! మరుసటి యేడే కంపెనీ పెద్దలతో పడక బయటికి వచ్చేశాడు. 1958లో ఆ కంపెనీ పేరు మాసీ ఫెర్గూసన్ అయింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ ఆ ట్రాక్టర్లను మన దేశంలో తయారు చేయడంతో, ఆ ఐర్లండు రైతుబిడ్డ పేరు మన వూళ్ళ కళ్ళాల దాకా వచ్చింది.

నాలుగు చక్రాల కల

అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్ళు. డబ్బుకు లోటు లేదు. హాయిగా కూర్చోవచ్చు. కూర్చోలేదు. 1950లోనే హ్యారీ ఫెర్గూసన్ రిసెర్చి అనే సంస్థ పెట్టి వున్నాడు. పొలంలో రైతును కాపాడిన సూత్రం రోడ్డు మీద కారు ప్రయాణికుణ్ణి ఎందుకు కాపాడకూడదు అన్నది ఆయన ప్రశ్న. పందేల వీరుడు ఫ్రెడ్డీ డిక్సన్, యుద్ధంలో జర్మన్ల చేత చిక్కి కోల్డిట్జ్ కోటలో ఖైదీగా వుండి, 1953లో లమాన్ 24 గంటల పందెం గెలిచిన టోనీ రోల్ట్, ఇంజనీరు క్లాడ్ హిల్ ఆయనకు తోడు నిలిచారు.

చిక్కు ఎక్కడుందో చెబుతాను. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. అందుకే రెంటి మధ్య డిఫరెన్షియల్ పెడతారు. కానీ దానికొక బలహీనత వుంది. మా పొలంలో దమ్ము చేసేటప్పుడు ఒక వెనుక చక్రం బురదలో పట్టు తప్పితే అది గిరగిరా తిరుగుతుంది, గట్టినేల మీద వున్న రెండోది నిమ్మకు నీరెత్తినట్టు వుండిపోతుంది. పట్టు లేని చక్రానికి ఎంత బలం చాలో అంతే బలం రెండోదానికీ అందుతుంది మరి. అప్పుడు మా నాన్న మడమతో లాకు పెడలు తొక్కి రెండు చక్రాలనూ ఒకటి చేస్తాడు.

నాలుగు చక్రాలకూ బలం ఇవ్వాలంటే ఇదే చిక్కు ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య వస్తుంది. మలుపులో ఆ రెండూ కూడా సమానంగా తిరగవు. జీపులో మాదిరి రెంటినీ బిగించేస్తే బురదలో బాగుంటుంది గాని పొడి రోడ్డు మీద టైర్లు ఈడ్చుకుపోతాయి, గేర్లు బిగుసుకుపోతాయి. విడిగా వదిలేస్తే ఒక్క చక్రం జారినా నాలుగూ నీరసిస్తాయి. ఫెర్గూసన్ బృందం కనిపెట్టిన మార్గం మధ్యేమార్గం. రెండు ఇరుసుల మధ్య ఒక డిఫరెన్షియల్ పెట్టి, మలుపుకు కావలసినంత తేడాను మాత్రమే అనుమతించి, తేడా హద్దు మీరగానే క్లచ్చి దానంతట అదే పట్టుకునేట్టు చేశారు. తోలేవాడు లివరు లాగనక్కర లేదు. నాగలి పై కడ్డీ చేసిన పనికి ఇది తమ్ముడి వరస కాదా?

ఈ పద్ధతితో నమూనా కార్లు చేసి కార్ల కంపెనీలకు చూపించారు. ఖర్చెక్కువని కాబోలు, ఎవరూ ముందుకు రాలేదు. 1960 అక్టోబరు 25న, డెబ్బై అయిదేళ్ళు దాటిన వయసులో, ఇంగ్లండులోని తన స్వగృహంలో ఫెర్గూసన్ కన్నుమూశాడు. నాలుగు చక్రాల కారు అంగట్లో అమ్ముడవడం ఆయన చూడనే లేదు.

తర్వాతి కథ

మరుసటి సంవత్సరమే, 1961 సెప్టెంబరులో, ఆయన సంస్థ తయారు చేసిన పి.99 అనే పందెపు కారులో స్టిర్లింగ్ మాస్ ఔల్టన్ పార్క్ గోల్డ్ కప్పు గెలిచాడు. ఫార్ములా వన్ పందెం గెలిచిన నాలుగు చక్రాల డ్రైవు కారు అదొక్కటే. 1966లో జెన్సన్ ఎఫ్.ఎఫ్. అనే కారు వచ్చింది. పేరులోని రెండు అక్షరాలూ ఫెర్గూసన్ ఫార్ములాకే గుర్తు. ఇంజను బలంలో 37 శాతం ముందుకు, 63 శాతం వెనక్కి పోయేది. జారకుండా ఆపే యాంటీ-లాక్ బ్రేకులు కూడా వుండేవి. 1971 వరకు తయారైనవి 320 మాత్రమే.

రోల్ట్ బృందం అంతటితో ఆగలేదు. మూసిన డబ్బాలో పలుచని పళ్ళేలు దగ్గర దగ్గరగా పేర్చి, ఒకటి ముందు ఇరుసుకు, దాని పక్కది వెనుక ఇరుసుకు కలిసేట్టు అమర్చి, మధ్యన చిక్కని సిలికోన్ ద్రవం నింపారు. ఇరుసుల వేగం దాదాపు సమానంగా వున్నంతసేపు ద్రవం అడ్డు రాదు. ఒకటి జారి వేగం పుంజుకుంటే ద్రవం చిలకబడి, వేడెక్కి, రెండోదాన్ని లాక్కుపోతుంది. దీన్నే విస్కస్ కప్లింగు అంటారు. నేటి క్రాసోవర్లకు పూర్వీకుడని చెప్పదగిన అమెరికా కారు ఏ.ఎం.సి. ఈగిల్ 1979లో ఈ కప్లింగుతోనే వచ్చింది.

విస్కస్ కప్లింగుకు ఒక లోపం వుంది. చక్రం జారిన తర్వాతే అది మేలుకుంటుంది. నేటి క్రాసోవర్లలో చాలావాటికి ద్రవం బదులు కంప్యూటరు అదుపులో నడిచే క్లచ్చి పళ్ళేలుంటాయి. ప్రతి చక్రం వేగాన్నీ ఒక్కొక్క సెన్సరు చెబుతుంది. స్టీరింగు ఎంత తిరిగింది, యాక్సిలరేటరు ఎంత నొక్కారు అన్నవి కూడా లెక్కలోకి తీసుకుని, జారబోయే ముందే క్లచ్చిని బిగిస్తుంది. నేల బాగుంటే వెనుక చక్రాలకు బలం తగ్గించి పెట్రోలు ఆదా చేస్తుంది. ఇంత తెలివైన కారైనా బ్రేకు వేస్తే తొందరగా ఆగుతుందని అనుకోవద్దు. బలం పంచడం దాని పని, ఆపడం బ్రేకులదీ టైర్లదీ. వానలో అరిగిన టైర్లతో పోయేవాణ్ణి ఏ కంప్యూటరూ కాపాడలేదు.

మిత్రులారా! ఫెర్గూసన్ లోపాలు లేని మనిషి కాదు. మొండివాడు, ఎవరితోనూ పొత్తు నిలుపుకోలేనివాడు. శాండ్స్, హిల్, రోల్ట్ వంటివారు లేకపోతే ఆయన ఊహలు ఊహలుగానే వుండిపోయేవి. అయినా, మట్టి ఎప్పుడు గట్టిపడుతుంది, చక్రం ఎందుకు జారుతుంది అన్న రైతు ప్రశ్నలు సైన్సు ప్రశ్నలేనని లోకానికి నిరూపించినవాడు ఆయన. పల్లెల నుంచి వచ్చి ఇక్కడ ఫిజిక్సు చదువుకునే మనలో చాలామంది, ఇంటి దగ్గర చూసిందంతా చదువు కాదనుకుని గేటు బయటే వదిలేసి లోపలికి వస్తాం. వదలనక్కర లేదు. దమ్ములో దిగబడిన చక్రం దగ్గర మన నాన్నలు వేసే ప్రశ్న లాబొరేటరీలోకి తెచ్చుకోదగినదే. రేపటి యంత్రాలకు కూడా నేల నాడి తెలిసినవాళ్ళు కావాలి. ఆ నాడి చిన్ననాటి నుంచి చూసినవాళ్ళం మనమే కదా!