లారెన్స్ స్పెర్రీ

ఎద్దులకు దారి అలవాటైతే, బండివాడు పగ్గాలు వదిలినా బండి ఇల్లు చేరుతుంది. పాంచాలంకురిచ్చి, కోవిల్‌పట్టి ప్రాంతాల నల్లరేగడి బాటల్లో మన తాతలు బండిలో కునుకు తీస్తూ సంతల నుండి తిరిగి వచ్చేవారు. ఆకాశంలో అటువంటి బాటలు లేవు. గాలి తాకిడికి విమానం ఒరిగిపోకుండా తొలినాటి పైలట్లు క్షణక్షణం చేతులతో సరిచేసుకోవలసి వచ్చేది. ఆ శ్రమను యంత్రానికి అప్పగించి చూపినవాడు లారెన్స్ స్పెర్రీ.

లారెన్స్ 1892 డిసెంబరు 21న అమెరికాలోని చికాగో నగరంలో జన్మించాడు. తండ్రి ఎల్మర్ స్పెర్రీ ఓడలకు దిక్కు చూపే గైరో దిక్సూచిని రూపొందించిన ఇంజనీరు. వేగంగా తిరిగే బొంగరం పడిపోకుండా నిలుస్తుంది కదా! అలాగే వేగంగా తిరిగే చక్రం తన ఇరుసు దిశను సులభంగా మార్చుకోదు. ఇదే గైరోస్కోప్. విమానం ఒరిగినా ఈ చక్రం ఒరగదు. ఆ తేడాను బట్టి రెక్కలలో, తోకలో ఉండే పలకలను కదిలించి విమానాన్ని సరిచేసే యంత్రాన్ని తండ్రీకొడుకులు తయారుచేశారు.

1914లో పారిస్ సమీపంలో విమాన భద్రత పోటీ జరిగింది. జూన్ 18న లారెన్స్ సేన్ నది మీదుగా విమానం నడుపుతూ, న్యాయనిర్ణేతల ఎదుట రెండు చేతులూ పైకెత్తాడు. అతని సహాయకుడు రెక్క మీదికి నడిచి వెళ్ళాడు. ఆ బరువుకు ఒరగబోయిన విమానాన్ని యంత్రమే నిలబెట్టింది. లారెన్స్‌కు 50,000 ఫ్రాంకుల బహుమతి లభించింది. అప్పటికి అతని వయస్సు ఇరవై ఒక్క ఏండ్లు.

1923 డిసెంబరు 13న లారెన్స్ చిన్న విమానంలో ఒంటరిగా ఇంగ్లిష్ చానల్ దాటుతూ సముద్రంలో కూలి మరణించాడు. కాని అతని కృషి ఆగలేదు. 1933లో వైలీ పోస్ట్ స్పెర్రీ సంస్థ ఆటోపైలట్ సాయంతో ఒంటరిగా భూగోళాన్ని చుట్టివచ్చాడు.

ఆటోపైలట్ వచ్చాక మరొక సమస్య తలెత్తింది. పైలట్ పిడిని అదేపనిగా పట్టి ఉంచనక్కరలేకుండా, విమానం ముక్కు కోరిన స్థితిలో నిలిచేటట్లు తోకరెక్కను సర్దడాన్ని ట్రిమ్ అంటారు. ఆటోపైలట్ పనిచేసేటప్పుడు ట్రిమ్‌ను కూడా అదే సర్దుతుంది. 1994 ఏప్రిల్ 26న జపాన్‌లోని నగోయా వద్ద దిగుతున్న ఒక విమానంలో ఆటోపైలట్ ముక్కును పైకి లేపజూస్తుంటే, పైలట్ పిడిని నెట్టి కిందికి దించజూశాడు. పైలట్ నెట్టినకొద్దీ యంత్రం తోకరెక్కను ఎదురు దిశకు సర్దింది. చివరకు విమానం నిట్టనిలువుగా లేచి, వేగం కోల్పోయి కూలింది. 264 మంది మరణించారు. ఆ తరువాత, పైలట్ బలంగా నెట్టినప్పుడు ఆటోపైలట్ తప్పుకొనే ఏర్పాటును అటువంటి విమానాలలో తప్పనిసరి చేశారు.

కాడికి కట్టిన ఎద్దులు చెరొక వైపు లాగితే బండి సాగదు. సేన్ నదిపై చేతులెత్తిన లారెన్స్‌కు తన యంత్రం ఏమి చేస్తున్నదో తెలుసు. నేటి పైలట్లు మొదట తెలుసుకోవలసినది కూడా అదే.