కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు

పొలముగట్టు తగవు వచ్చినప్పుడు వివేకముగల గృహస్థు వందిమాగధులను పిలిపింపడు. కరణము లెక్కలు తెప్పించును. పాత దస్తావేజులు వెదకించును. సరిహద్దు రాళ్లను పదిమందికి చూపించును. సెంటు భూమి విషయమున నింత జాగరూకుడైన యీతడే తన జాతిచరిత్రము విషయమున మాత్రము స్తోత్రపాఠములతో తృప్తి నొందుచుండును. ఈ లోపమును కనిపెట్టి, భూమికివలెనే చరిత్రమునకును సాక్ష్యము కావలెనని ఆంధ్రులకు తెలుగుభాషలోనే బోధించినవారిలో కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు పంతులుగారు అగ్రగణ్యులు. వారు గతించి శతాబ్దము దాటినది. వారి పేరు నెఱిగినవారు పెక్కుమంది కలరు గాని, వారు మన కప్పగించిపోయిన పని యెట్టిదో తలచువారు కొలదిమందియే యని మేము భావించుచున్నాము.

పంతులుగారు 1877వ సంవత్సరమున కృష్ణామండలములో మున్నేటి యొడ్డున నున్న పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. బాల్యవిద్య భువనగిరిలో జరిగెను. పిమ్మట అక్కగారైన భండారు అచ్చమాంబగారి యింట, నాగపూరున పెరిగిరి. అచ్చమాంబగారి భర్త మధ్యపరగణాలలో ఇంజనీరుగా నుండెను. బడికి పోవు భాగ్యము లేని యా సోదరి తమ్ముని చదువుతోపాటు తానును అక్షరములు నేర్చి, హిందీ మరాఠీలను సాధించి, తుదకు ప్రసిద్ధస్త్రీల జీవితములను సేకరించి అబలాసచ్చరిత్రరత్నమాల యను గ్రంథమును రచించెను. తమ్ముడు వ్రాసిన చరిత్రములను మెచ్చువారు ఆ యింటనే మఱియొక చరిత్రకర్త్రి యుండెనని మఱవరాదు. ఆమె 1905లో చిన్నవయసుననే స్వర్గస్థురాలయ్యెను. మఱుసటియేట పుట్టిన కుమార్తెకు పంతులుగారు ఆమె పేరే పెట్టుకొనిరి. ఆ బాలికయే పిమ్మట వైద్యురాలై, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైన డాక్టరు కొమఱ్ఱాజు అచ్చమాంబగారు.

నాగపూరు వాసము పంతులుగారికి మరాఠీని రెండవ మాతృభాషగా నొసగెను. ఆ భాషలో వ్యాసములు వ్రాయునంతటి పాండిత్యము వారికి లభించెను. ఆ కాలమున మహారాష్ట్రదేశమున చరిత్రాన్వేషణము ఒక వ్రతముగా సాగుచుండెను. విశ్వనాథ కాశీనాథ రాజ్వాడే పండితుడు పాతయిండ్లలోని కాగితపుకట్టలను, లేఖలను సంపాదించి, 1898లో మరాఠా చరిత్రసాధనముల తొలిసంపుటమును వెలువరించెను. ఒక జాతి తన యటుకమీది మూటలను విప్పి తన గతమును తానే చదువుకొనుట యెట్లో పంతులుగారు అక్కడ కన్నులార చూచిరి. నాగపూరున బి.ఏ. పట్టమును పొంది, శివాజీ చరిత్రమును తెలుగున రచించి, తెలుగుదేశమునకు మరలివచ్చిరి.

వచ్చి మునగాల సంస్థానమున దివానుపదవి వహించిరి. నాడు మునగాల నిజామురాజ్యము నడుమ ద్వీపమువలె నుండిన కృష్ణామండలపు పరగణా. జమీందారు నాయని వేంకటరంగారావుగారు విద్యాప్రియులు. శిస్తులెక్కలును, కోర్టు వ్యాజ్యములును దివానుగారి నిత్యకృత్యములు. దస్తావేజు నిజమో కూటమో తేల్చుకొను ఆ కచ్చేరీ యభ్యాసమును శాసనపరీక్షకు సాధనము చేసికొనుటలోనే పంతులుగారి ప్రజ్ఞ కలదు.

నాటి హైదరాబాదురాజ్యమున సర్కారు వ్యవహారమంతయు ఉర్దూలోనే జరుగుచుండెను. అట్టి నగరమున 1901 సెప్టెంబరు 1వ తేదీని రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజాగారు మున్నగువారితో గూడి పంతులుగారు శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించిరి. తెలంగాణమున తెలుగు తలయెత్తుటకు తొలిమెట్లలో అదియొకటి. ఆ నిలయము నేటికిని సుల్తానుబజారున నిలిచియున్నది.

1906లో వారే ప్రధానసూత్రధారులుగా విజ్ఞానచంద్రికామండలి యేర్పడెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు ఆ కార్యమున సహచరులు. పద్యప్రబంధములకును నాటకములకును అలవాటుపడిన పాఠకులకు చరిత్రము, జీవశాస్త్రము, రసాయనశాస్త్రము సులభమైన తెలుగు వచనమున అందింపబడెను. హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము, పంతులుగారి హిందూమహాయుగము, మహమ్మదీయమహాయుగము, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము ఆ మాలలోనివే. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రులచరిత్రము తొలిభాగమును ప్రకటించినదియు ఈ మండలియే. ఇంతలో 1908లో హరిసర్వోత్తమరావుగారు స్వరాజ్యపత్రికలోని వ్రాతకై చెఱసాలకు పోయిరి. మండలి కార్యస్థానము మదరాసునకు మాఱెను గాని, కార్యము మాత్రము ఆగలేదు.

ఇక వారి పాండిత్యమును గూర్చి ఒక్క నిదర్శనము చాలును. శ్రీశైలము, కాళేశ్వరము, ద్రాక్షారామము అను మూడు లింగముల నడుమ నున్న దేశము త్రిలింగమనియు, అందుండియే తెలుగు అను పేరు వచ్చెననియు మన పూర్వులు చెప్పుచుండిరి. చెవికింపైన మాట, భక్తికిని దేశాభిమానమునకును ఒక్కతూరి తృప్తినిచ్చు మాట. పంతులుగారు దీనిని విచారణకు పెట్టి, పూర్వసాక్ష్యములను పరిశీలించి, త్రిలింగశబ్దమునుండి తెలుగు పుట్టలేదని తమ వ్యాసమున వాదించిరి. దేశాభిమానమున వారెవ్వరికిని తీసిపోయినవారు కారు. అట్లుండియు, తమ జాతికి గౌరవము తెచ్చు కథయే యైనను ఆధారములేనిచో త్రోసివేయుటకు వెనుదీయరైరి. పరులు మనలను తక్కువచేసి వ్రాసిన వ్రాతలను ఖండించుట తేలిక. మనమే మనలను పొగడుకొన్న మాటలను పరీక్షించుట కష్టము. ఈ రెండవపని చేయజాలని జాతికి మొదటిపని చేయు అర్హత లేదని మా యభిప్రాయము.

వారి జీవితమునకు పరమావధి ఆంధ్రవిజ్ఞానసర్వస్వము. ఆంగ్లేయులకు ఎన్‌సైక్లోపీడియా యెట్లో తెలుగువారికిని అట్టి సమస్తవిద్యాకోశ ముండవలెనని సంకల్పించి, 1912-13 ప్రాంతమున పని కారంభించిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు మొదలగు యువపండితులను చేరదీసి, అనేక వ్యాసములను తామే వ్రాసి, పరులు వ్రాసినవానిని దిద్ది, మూడు సంపుటములను వెలువరించిరి. మూడు సంపుటములైనను అకారము దాటలేదు! ఇంతలో 1923 జూలై మాసమున నలువదియాఱేండ్ల ప్రాయముననే మదరాసున వారు కన్నుమూసిరి. నాలుగేండ్ల క్రిందట కందుకూరి వీరేశలింగముపంతులుగారు తుదిశ్వాస విడిచినదియు లక్ష్మణరావుగారి యింటనే.

ఒక్క యక్షరముకూడ పూర్తికాని గ్రంథమునకు ప్రాణములు ధారపోయుట వివేకమా యని ప్రశ్నించువారు కలరు. సంకల్పమును సంక్షేపించుకొనియుండినచో పది చిన్నసంపుటములతోనైన సర్వస్వము ముగిసియుండెడిది గదా యని వారి వాదము. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ధనబలము, జనబలము చాలని పనిని ఒక్కని భుజములమీద మోయుట ప్రమాదకరమే. కాని యా తప్పు మోసినవానిదా, మోయనిచ్చి చూచుచుండిన దేశముదా? వారి యనంతరము కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు ఆ సర్వస్వమును చేపట్టి 1930 దశాబ్దమున మరల సంపుటములను ప్రకటించిరి. 1938లో వారును పరమపదించుటతో ఆ కార్యము మరల నిలిచిపోయెను.

సంపుటములు నిలిచినను శిష్యులు నిలువలేదు. సర్వస్వపు కార్యాలయమున పనినేర్చిన సోమశేఖరశర్మగారు శాసనములను శోధించి, 1948లో రెడ్డిరాజ్యముల చరిత్రమును వెలువరించి విద్వాంసుల మన్నన గొనిరి. హైదరాబాదున లక్ష్మణరాయపరిశోధకమండలి వారి పేరు ధరించి, ఊరూర తిరిగి నకళ్లు తీయించి, 1935లో తెలంగాణాశాసనములను ప్రకటించెను. అకారమువద్ద ఆగిన గ్రంథమును ఈ విధముగ మనుష్యులు ముందునకు చదివిరి. కావున పంతులుగారి సర్వస్వము విఫలమైనదని మే మంగీకరింపజాలము.

అయినను ఋణము తీరలేదు. శిథిలాలయములయొద్ద, చెఱువుకట్టలమీద, పొలముగట్లయందు అక్షరములు చెక్కిన రాళ్లు నేటికిని ఎండకు ఎండి వానకు తడియుచున్నవి. పాతభోషాణములలోని తాటాకుకట్టలు పురుగులపాలగుచున్నవి. తమ భూమి పట్టాలను భద్రముగ దాచుకొను గృహస్థులకు ఈ రాళ్లును తాటాకులును తమ జాతి పట్టాలని తోపకుండుట శోచనీయము. లక్ష్మణరావుగారికి విగ్రహము నిలుపుట మంచిదే. జయంతికి పూలమాల వేయుటయు మంచిదే. కాని తన గ్రామమున నున్న యొక్క శాసనమునైనను సున్నపుపూతనుండియు, సమ్మెటపోటునుండియు కాపాడి, దాని నకలును తెలిసినవారిచేత చదివించినవాడు అంతకుమించిన పూజ చేసినవాడగును. అకారమును పంతులుగారు దిద్దించిపోయిరి. ఆకారమును దిద్దవలసినవారము మనమే.