ముఖపత్రమే చిత్రశాల: వడ్డాది పాపయ్య

చిత్రకారుని కీర్తికి కళాశాల, ప్రదర్శనశాల, ధనికుల పోషణ అనే మూడు మెట్లను సాధారణంగా చెప్పుకొంటారు. వడ్డాది పాపయ్యగారు ఈ మెట్ల మీదుగా వచ్చినవారు కారు. ఆయన చిత్రాలు మాసపత్రికల ముఖపత్రాలపై వెలసి, కొద్ది అణాల వెలకు ఇంటింటికి చేరినవి. చిత్రశాల గడప తొక్కని కుటుంబాలలో సైతం వ.పా. అనే పొడి అక్షరాలు సుపరిచితములైనవి.

పాపయ్యగారు 1921 సెప్టెంబరు 10వ తేదీన శ్రీకాకుళంలో జన్మించినారు. తండ్రి రామమూర్తిగారు బడిలో చిత్రలేఖనం నేర్పిన ఉపాధ్యాయులు. ఇల్లే పాఠశాల, తండ్రియే గురువు. తండ్రివద్ద నున్న రవివర్మ కోదండరాముని పటాన్ని చూచి, పసితనంలోనే దానిని మరల గీయబూనినారని చెప్పుకొంటారు. పురాణ పురుషులను ఎదుట నిలిచిన మనుష్యులవలె చూపిన రవివర్మ పద్ధతి ఆయన మనస్సులో నాటుకొన్నది. కాని ఆయన అనుకరణతో ఆగలేదు. రవివర్మ తైలవర్ణాలలో సాధించిన నిండుదనాన్ని విడిచి, నీటిరంగులలోని పలుచని వెలుగును పట్టుకొన్నారు. పెరిగి పెద్దయిన పిమ్మట తానును చిత్రలేఖనోపాధ్యాయులై, పాఠం చెప్పుతూనే పత్రికలకు బొమ్మలు పంపసాగినారు.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మద్రాసులో చందమామను ప్రారంభించినారు. పుటపుటకు బొమ్మ యుండుట ఆ పత్రిక ప్రత్యేకత. అమెరికా దేశపు బొమ్మల పుస్తకాలలో మాటలు పాత్రల నోటినుండి వెలువడే బుడగలలో ఇమిడియుండగా, చందమామలో కథ కథగానే నడచి, బొమ్మ దాని ప్రక్కన నిలిచినది. లోపలి పుటలకు చిత్రా, శంకర్ వంటివారు రూపు దిద్దినారు. ముఖపత్రాలపై భారతకథను చిత్రించిన ఎం.టి.వి. ఆచార్యగారి తరువాత ఆ బాధ్యత పాపయ్యగారిపై పడినది. తమిళంలో అంబులిమామ, మరాఠీలో చాందోబా అని పేరు మారినను బొమ్మలు మారలేదు. తెలుగు చిత్రకారుని కుంచె పనిని పలుభాషల పిల్లలు ఒకే నెలలో చూడగలిగినారు.

ఆనాటి ముద్రణ సులభమైన పని కాదు. రంగుల చిత్రాన్ని పసుపు, ఎరుపు, నీలం, నలుపు అని విడదీసి, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క లోహపు దిమ్మను సిద్ధపరచి, అదే కాగితాన్ని మరల మరల యంత్రానికి ఎక్కించవలెను. దిమ్మ వెంట్రుకవాసి జరిగినచో ముఖానికి రెండు అంచులు ఏర్పడును. పలుచని నీటిరంగు ఈ పరీక్షలో ఇట్టే మాసిపోగలదు. ఏ ఛాయ అచ్చులో నిలుచునో, ఏది మసకబారునో ముందే ఎరిగి చిత్రించుట పత్రికా చిత్రకారునికి తప్పని విద్య.

కరీంనగరం, ఆదిలాబాదు జిల్లాలలో 1948 వరకు ఉన్నత పాఠశాలల చదువు ఉర్దూలో సాగినది. తెలుగు అక్షరాన్ని ఆలస్యంగా పలకరించిన పిల్లలకు బొమ్మలున్న పత్రిక ఎంత తోడ్పాటో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. కరీంనగరం జిల్లాలోనే 1915లో జన్మించిన పాకాల తిరుమలరెడ్డిగారు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, ఆధునిక చిత్రకారులుగా ప్రఖ్యాతి గాంచినారు. ఒకరు చిత్రశాల గోడను, మరొకరు పత్రిక అట్టను ఆశ్రయించినారు. చరిత్ర గ్రంథాలు మొదటి త్రోవకు ఇచ్చిన చోటు రెండవదానికి ఇవ్వలేదు.

చక్రపాణిగారి యువ మాసపత్రికలో పాపయ్యగారి కళ మరొక రూపు దాల్చినది. రాగాలు, ఋతువులు, కావ్యనాయికలు, పండుగలు, పల్లెపడుచులు ఆయన కుంచెకు వస్తువులైనవి. జడకుచ్చులు, వడ్డాణాలు, చీరకుచ్చెళ్ళు శ్రద్ధగా తీర్చబడియుండును. వెనుక నున్న ఆకాశం మాత్రం ఊదా, ఆకుపచ్చ ఛాయలలో కలగా కరగిపోవును. ఆ స్త్రీమూర్తులు అలంకారప్రాయములని, పొలంలో వంగిన వెన్ను, చెమట పట్టిన ముఖం వాటిలో కానరావని విమర్శించుటకు తావున్నది. అది త్రోసివేయదగిన మాట కాదు. కాని నల్లని అక్షరాలతో నిండిన ఇంటిలోనికి రంగును, మరచిపోతున్న ఆభరణాన్ని, ఆచారాన్ని తెచ్చిన చేయి కూడ అదియే.

పత్రికా చిత్రకారుని కష్టం ఒక్క తెలుగునేలకే పరిమితం కాదు. పాపయ్యగారికి సమకాలికుడైన జాక్ కిర్బీ 1917లో న్యూయార్కులో జన్మించి, కాప్టెన్ అమెరికా వంటి వీరులను సృష్టించినవాడు. తన చేతి మూలచిత్రాలను తిరిగి పొందుటకై ప్రచురణ సంస్థతో ఏండ్లతరబడి వాదులాడవలసి వచ్చినది. 1987లో లభించినది అందులో కొంత భాగమే. అచ్చుకు వేసిన బొమ్మ, అచ్చు ముగిసినంతనే విలువ కోల్పోవునను భావన ఆ దేశంలోను ఉండెను.

పాపయ్యగారు అప్పటి విశాఖపట్టణం జిల్లా కశింకోటలో స్థిరపడి, నగర కోలాహలానికి దూరంగా చిత్రరచన సాగించినారు. 1992 డిసెంబరు 30వ తేదీన కన్నుమూసినారు. ఆయన చిత్రాలను మోసిన చందమామ సైతం 2013లో నిలిచిపోయినది.

మాసపత్రిక ఆయువు ఒక నెల. పాత సంచికలు తూకానికి పోవును. వానితోపాటు చిత్రాలును పోవును. పాపయ్యగారి బొమ్మలు ఇంకను మిగిలియున్నవనిన, ఎవరో ఒకరు అట్టలు చింపక దాచినందువల్లనే. చిత్రలేఖనం గంటను లెక్కల మాస్టరుకు అప్పగించే పాఠశాలలు ఒక విషయం గుర్తుంచుకొనవలెను. ఈ చిత్రకారుని తొలి గురువు ఒక డ్రాయింగు మాస్టరు. ఆయన తొలి జీవిక కూడ ఆ ఉద్యోగమే. పాఠశాల గ్రంథాలయపు అలమరలో పాత చందమామ సంపుటాలు దొరికినచో, వాటిని దుమ్ము దులిపి పిల్లల ముందు పరచుట ఆయనకు తగిన స్మారకం.