నలుగురి నోటి మాటను శీర్షికకు ఎక్కించిన నార్ల

కరీంనగర్, ఫిబ్రవరి 24: తెలుగు పత్రికల శీర్షికలను పండితుల భాష నుంచి రచ్చబండ దగ్గరి మాటకు తెచ్చినవారిలో నార్ల వెంకటేశ్వరరావు ముఖ్యులు. 1985లో ఇదే రోజున ఆయన కన్నుమూశారు.

నార్ల 1908 డిసెంబరు 1న నేటి మధ్యప్రదేశ్‌లోని జబల్పూరులో జన్మించారు. స్వస్థలం కృష్ణా జిల్లా కౌతరం. స్వరాజ్య, జనవాణి, ప్రజామిత్ర పత్రికల్లో పనిచేశారు. వార్తలను వాడుక భాషలో రాయవచ్చునని జనవాణిలో చేసి చూపినవారు తాపీ ధర్మారావు. ఆ బాట నార్లకు నచ్చింది. 1938 ఆగస్టు 15న మద్రాసులో ఆంధ్రప్రభ మొదలైంది. నార్ల అందులో చేరి, 1942 నుంచి 1959 వరకు ఎడిటర్‌గా ఉన్నారు. 1960 జూలై 1న విజయవాడలో ప్రారంభమైన ఆంధ్రజ్యోతిని 1977 వరకు నడిపించారు. 1958 నుంచి 1970 వరకు రాజ్యసభ సభ్యులుగా ఉన్నారు.

సీసపు అక్షరాల కాలం

ఆ రోజుల్లో అక్షరాలన్నీ సీసంతో పోసినవే. కంపోజిటర్ ఒక్కొక్క అక్షరం ఏరి చేత్తో పేర్చేవాడు. తెలుగుకు గుణింతాలు పైన, ఒత్తులు కింద వస్తాయి గనుక పెద్ద అక్షరాల శీర్షికకు చోటు ఎక్కువ పట్టేది. పొడవాటి సమాసం ఒక కాలమ్‌లో ఇమిడేది కాదు. ఉదాహరణకు, తటాకము జలపూరితమై యున్నది అని రాస్తే రెండు మూడు వరుసలు కావాలి. చెరువు నిండింది అంటే ఒక్క వరుస చాలు. చోటు కలిసివస్తుంది, చదివేవాడికి విషయమూ తెలుస్తుంది.

గ్రామాల్లో ఒకరు చదివితే పదిమంది వినేవారు. అక్షరాలు కూడబలుక్కునే రైతు మొదట చూసేది శీర్షికనే. మద్దతు ధర, అప్పు గడువు వంటి వార్త అక్కడే అర్థం కాకపోతే నష్టపోయేది అతడే. అందుకే నార్ల వాడుక మాటకు పెద్దపీట వేశారు. ఆయనకు వేమన అంటే అభిమానం. వేమన జీవితంపై సాహిత్య అకాడమీకి పుస్తకం రాశారు, తానూ ఆటవెలదులు చెప్పారు. సీతజోస్యం నాటకానికి 1981లో సాహిత్య అకాడమీ అవార్డు లభించింది.

మక్కలా, మొక్కజొన్నా?

అయితే పత్రికల వాడుక భాష చాలాకాలం కృష్ణా, గుంటూరు ప్రాంతాల చదువుకున్నవారి భాషగానే ఉండిపోయిందన్న విమర్శ తెలంగాణలో బలంగా వచ్చింది. అందులో నిజం లేకపోలేదు. కరీంనగర్ రైతు మక్కలు పండిస్తే శీర్షికలో మొక్కజొన్న కనిపించేది. అతడు యాసంగి అంటే పత్రిక రబీ అనేది. బెల్లంపల్లి, మందమర్రి కార్మికులు దిగేది బొగ్గుబాయిలోకి. అచ్చులో అది బొగ్గుగని అయ్యేది. పండితుల గ్రాంథికం పోయినా, ఇక్కడి పాఠకుడికి తన ఇంటి మాట పత్రికలో దొరకలేదు.

జిల్లా పేజీలు వచ్చాక ఈ మాటలకు కొంత చోటు దొరికింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత ప్రభుత్వ లెక్కల్లోకే వానాకాలం, యాసంగి అనే మాటలు వచ్చాయి.

ఇది నార్ల బాటకు అడ్డం కాదు, దానికి కొనసాగింపే. చదివేవాడి నోట ఉన్న మాటనే శీర్షికలో పెట్టాలన్న పద్ధతికి కౌతరం ఒకటీ, కరీంనగర్ ఒకటీ కాదు. సీసపు అక్షరాలు పోయాయి, ప్రెస్సులు మారాయి. వార్త ఇప్పుడు సెల్‌ఫోన్‌లో చదువుతున్నారు. అక్కడ కూడా మొదట కనిపించేది శీర్షికే. అది రైతుకు, కార్మికుడికి ఒక్క చూపులో తెలియాలన్న అవసరం మాత్రం మారలేదు.