కీర్తిశేషులు కందుకూరి వీరేశలింగం పంతులుగారు

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున పున్నమ్మ, సుబ్బరాయుడు దంపతులకు జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించుటచే పెదతండ్రి వేంకటరత్నముగారు వారిని పెంచి విద్య చెప్పించిరి.

తొలుత పంతులుగారు పండితులను మెప్పించిన కవి. పెదవులు కలియని అక్షరములతోనే, అచ్చతెనుగున, శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమును రచించిరి. ఆ రచన అసాధారణమైనదే కాని, దానిని చదివి ఆనందింపగలవారు కొలదిమంది. స్త్రీలకును సామాన్యులకును అందవలెనన్నచో సులభమైన వచనము కావలెను. పంతులుగారు తమ కలమును ఆ దారికి మరల్చిరి. ధవళేశ్వరమున ఉపాధ్యాయులుగా నున్న కాలమున, 1874లో, వివేకవర్ధని పత్రికను స్థాపించి లంచములను, దురాచారములను నిర్భయముగా ఖండించిరి. ఆ యేడే అచ్చట బాలికా పాఠశాలను నెలకొల్పిరి. కాళిదాసుని శాకుంతలమును తెనిగించిరి. షేక్స్పియరు ప్రహసన మొకటి వారి చేత చమత్కార రత్నావళి యయ్యెను. గోల్డుస్మిత్తు నవల ప్రేరణతో వ్రాసిన రాజశేఖర చరిత్రము 1880లో గ్రంథరూపము దాల్చెను.

వ్రాసిన దానిని ఆచరించుటయే వారి గొప్పదనము. వితంతువుల పునర్వివాహమును 1856లోనే చట్టము అనుమతించినను లోకాచారము అనుమతింపలేదు. పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. వెంటనే వెలి వచ్చిపడెను. వంటవారును నీళ్ళు తెచ్చువారును పని మానిరి. అప్పుడు వారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి పోయి నీళ్ళు మోసి తెచ్చి, వంట చేసిరి. ఆ యిల్లాలి ఓర్పు లేనిచో ఆ ఉద్యమము నిలుచుట కష్టము. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. పిదప మరికొన్ని వివాహములు జరిగెను.

1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, పిమ్మట తమ ఆస్తిని దానికి ధారపోసిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. పంతులుగారు 1919 మే 27వ తేదీన మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావుగారి యింట కన్నుమూసిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమను గ్రంథాలయమును స్థాపించినవారిలో లక్ష్మణరావుగా రొకరు.

పల్లెటూరి గ్రంథాలయమున ఒక బాలిక పుస్తకమును చేతబట్టి తనంత తాను చదువుకొనుట నేడు వింత కాదు. అది వింత కాకుండుటకై పంతులుగారును రాజ్యలక్ష్మమ్మగారును చెల్లించిన మూల్యమును మనము మరువరాదు.