యంత్రానికి విద్య నేర్పిన విదుషి

మనిషి రాసిన ప్రోగ్రాం యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా మారనిదే కంప్యూటర్ పనిచేయదు. శ్రమతో కూడిన ఈ మార్పును యంత్రం చేతనే చేయించవచ్చునని తొలినాళ్లలోనే నిరూపించిన గణితవేత్త గ్రేస్ హాపర్.

ఆమె 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించింది. వస్తువుల లోపలి నిర్మాణాన్ని తెలుసుకోవాలన్న కుతూహలం ఆమెకు చిన్ననాటి నుంచీ మెండు. ఏడేళ్ల ప్రాయంలోనే ఇంట్లోని అలారం గడియారాలను ఒకదాని తర్వాత ఒకటిగా విప్పి చూసింది. వాసర్ కళాశాలలో గణితం బోధిస్తూనే 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆమె దేశసేవకు సంకల్పించింది. వయస్సు ఎక్కువనీ, శరీరభారం తక్కువనీ వచ్చిన అభ్యంతరాలను అధిగమించి 1943లో నౌకాదళ రిజర్వులో చేరింది. మరుసటి సంవత్సరం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని మార్క్-1 అనే బృహద్యంత్రం వద్ద నియమితురాలైంది. అక్కడ ప్రోగ్రామర్లు తరచు అవసరమయ్యే గణనభాగాలను నోటు పుస్తకాల్లో రాసి ఉంచుకొని, కొత్త ప్రోగ్రాంలోకి చేతితో ఎత్తి రాసేవారు. ఒక్క అంకె తప్పినా ఫలితం తారుమారయ్యేది.

యుద్ధానంతరం ఆమె ఫిలడెల్ఫియాలో యూనివాక్ కంప్యూటర్‌ను నిర్మించిన సంస్థలో చేరి, 1952లో ఈ చిక్కుకు పరిష్కారం కనుగొంది. గణనభాగాలకు సంకేత సంఖ్యలిచ్చి అయస్కాంత టేపుపై నిక్షిప్తం చేసింది. ప్రోగ్రామర్ ఆ సంఖ్యలను వరుసగా పేర్కొంటే చాలు; కంప్యూటరే ఆయా భాగాలను వెదకి తెచ్చి, ఒక్కటిగా కూర్చి, నడవడానికి సిద్ధమైన ప్రోగ్రాంను తయారుచేసేది. 'ఏ-0' అనే ఈ సాధనాన్ని ఆమె కంపైలర్ అని పిలిచింది. కంప్యూటర్ లెక్కలు చేయగలదే గాని ప్రోగ్రాంలను కూర్చజాలదని పలువురు ఆమె మాటను నమ్మలేదు. అయినా ఆమె వెనుకంజ వేయలేదు. తన బృందంతో కలిసి, ఇంగ్లీషు పదాలతో ఆజ్ఞలు రాయడానికి వీలైన ఫ్లో-మాటిక్ భాషను రూపొందించింది. 1959లో రూపకల్పన మొదలైన కోబాల్ భాషకు అది ముఖ్యాధారమైంది.

నేడు ప్రోగ్రామర్లు తాము రాసిన సోర్స్ కోడ్‌ను కంపైల్ చేసి, అవసరమైన లైబ్రరీలను జోడించి, ఎవరైనా ఇన్‌స్టాల్ చేసుకోదగిన ప్యాకేజీగా మలుస్తున్నారు. ఒకరు రాసిన భాగాన్ని మరొకరు తిరిగి రాయనక్కరలేదు. కూర్చే భారం యంత్రానిదే. ఏ-0 సాధించినది సరిగ్గా ఈ ప్రయోజనాన్నే.

హాపర్ 1986లో 79 ఏళ్ల వయస్సులో రియర్ అడ్మిరల్ హోదాలో నౌకాదళం నుంచి విరమించి, 1992 జనవరి 1న కన్నుమూసింది. అమెరికా ప్రభుత్వం 2016లో మరణానంతరం ఆమెకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ పురస్కారాన్ని ప్రకటించింది. విసుగు పుట్టించే పనిని విధిగా భరించక, దానికి ఉపాయం వెదకడమే విజ్ఞానమని ఆమె జీవితం చాటుతున్నది.