తీగల మీద రద్దీకి లెక్క కట్టినవాడు – ఎర్లాంగ్

పోయిన రబీలో మా ధాన్యం ట్రాక్టరు కొనుగోలు కేంద్రం ముందు మూడు రోజులు వరుసలో నిలబడింది. మూడోనాటి రాత్రి వాన. తడిసిన బస్తాలు చూసి నాన్న ఏమీ అనలేదు. ఉన్న కాంటాలు రెండే. ఇంకొకటి పెడితే ఎన్నాళ్లు కలిసొచ్చేదో అని నాకు సందేహం. సెలవులయ్యాక లైబ్రరీలో వెదికితే, అటువంటి లెక్కను నూరేళ్ల కిందటే ఒకాయన చేసిపెట్టాడని తెలిసింది. ధాన్యానికి కాదు, టెలిఫోన్లకు.

ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ 1878 జనవరి 1న డెన్మార్కులో లోన్‌బోర్గ్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి బడిపంతులు. సోదరుడు పుస్తకం చదువుతుంటే ఎదురుగా కూర్చుని తలకిందులుగా అదే పుస్తకం చదివేవాడట! పద్నాలుగేళ్లకే ప్రత్యేక అనుమతితో విశ్వవిద్యాలయ ప్రాథమిక పరీక్ష నెగ్గి, తండ్రి బళ్లోనే పాఠాలు చెప్పాడు. తర్వాత స్కాలర్‌షిప్పుతో కోపెన్‌హేగన్‌లో చదివి 1901లో ఎం.ఏ. పూర్తి చేశాడు. మళ్లీ ఏడేళ్లు మాస్టరు పనే.

గణితజ్ఞుల సంఘంలో ఆయనకు జెన్సెన్ పరిచయమయ్యాడు. మనం అసమానతల్లో చదువుకునే జెన్సెనే. ఆయన కొలువు మాత్రం టెలిఫోను కంపెనీలో ఇంజనీరుగా! ఆ పరిచయంతోనే ఎర్లాంగ్ 1908లో కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో చేరాడు. కాగితం ముందు కూర్చునే మనిషి కాదు. నిచ్చెన మోసే కూలీని వెంటబెట్టుకుని వీధుల్లో మ్యాన్‌హోళ్లలోకి దిగి కొలతలు తీసేవాడు.

1909లో ఆయన తేల్చిందేమంటే, ఎవరి కాల్ వారిదే గనుక కాల్స్ రాక పాయిజాన్ విభాజనాన్ని అనుసరిస్తుందని. 1917లో అసలు సూత్రాలు వచ్చాయి. ఒక ఊళ్లో సగటున 5 లైన్లకు సరిపడా గిరాకీ ఉందనుకోండి. సరిగ్గా 5 లైన్లే వేస్తే నూటికి 28 కాల్స్ దొరకవు. 10 వేస్తే దొరకనివి రెండుకు లోపే. అటువంటి రెండూళ్లను కలిపి 20 లైన్లూ ఉమ్మడిగా ఇస్తే, వెయ్యికి రెండు కూడా పోవు! ఉమ్మడి కాపురానికి ఇంతకంటే మంచి రుజువు నేను చూడలేదు.

నేటి కంప్యూటర్ నెట్‌వర్కుల్లో కాల్స్‌కు బదులు ప్యాకెట్లు వరుస కడతాయి. సరళమైన నమూనాలో దారి సగం నిండితే అక్కడుండే ప్యాకెట్లు సగటున 1, తొంభై శాతం నిండితే 9, తొంభైతొమ్మిదైతే 99. 1986 అక్టోబరులో అమెరికాలో బర్క్‌లీ దగ్గర రద్దీ వల్ల సెకనుకు 32 వేల బిట్ల వేగం 40 బిట్లకు పడిపోయింది. ప్యాకెట్ పోయిందని తెలియగానే పంపేవాడే నెమ్మదించే పద్ధతిని 1988లో వాన్ జాకబ్‌సన్ వివరించాడు.

అయితే ఎర్లాంగ్ ఊహ అన్నిచోట్లా చెల్లదు. డేటా గుంపులు గుంపులుగా వస్తుందనీ, పాయిజాన్‌కు లొంగదనీ 1994లో పరిశోధకులు కొలిచి చూపారు. నాకది వింతనిపించలేదు. మబ్బు పట్టగానే ఊళ్లో ట్రాక్టర్లన్నీ ఒక్కసారే బయల్దేరతాయి మరి.

ఎర్లాంగ్ పెళ్లి చేసుకోలేదు. పుస్తకాలు కొనేవాడు, లేనివారికి ఇచ్చేవాడు. 1929 ఫిబ్రవరి 3న 51వ ఏట కన్నుమూశాడు. 1946లో టెలిఫోను రద్దీ కొలమానానికి అంతర్జాతీయంగా ఆయన పేరే పెట్టారు.

మూడో కాంటా లెక్క నాకింకా తేలలేదు. వచ్చే కోతలకు ట్రాక్టర్లు వచ్చే వేళలు రాసి ఉంచమని నాన్నను అడిగాను. ఎందుకురా అంటూనే పాత డైరీ ఒకటి తీసి పక్కన పెట్టుకున్నాడు.